మైక్రోసాఫ్ట్ ఫ్రంట్‌పేజ్

మైక్రోసాఫ్ట్ ఫ్రంట్‌పేజ్ వెబ్ సైట్లను తయారుచేయుటకు, వాటిని నిర్వహించుటకు ఉపయోగపడిన ఒక సాఫ్టువేరు. హెచ్‌టీఎంఎల్ తెలియనివారు కూడా వర్డ్‌లో ఉత్తరం టైపు చేసినంత సులభంగా వెబ్ పేజీలు తయారుచేసుకొనగలగడం దీని ముఖ్య ఆకర్షణ. అమెరికాకు చెందిన వెర్మీర్ టెక్నాలజీస్ అనే చిన్న సంస్థ దీనిని 1995లో విడుదల చేసింది. 1996 జనవరిలో ఆ సంస్థను మైక్రోసాఫ్ట్ కొనివేసింది. ఫ్రంట్‌పేజ్ 2003 దీని చివరి వెర్షను. 2006 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ దీని స్థానంలో వేరే ఉత్పత్తులను ప్రవేశపెట్టి దీనిని నిలిపివేసింది.

సుమారు పదేళ్ళపాటు దుకాణాలు, వసతి గృహాలు, చిన్న పరిశ్రమలు, పాఠశాలలు, సంఘాలు తమ మొదటి వెబ్ సైటును తయారుచేసుకొన్న సాధనాలలో ఫ్రంట్‌పేజ్ ప్రముఖమైనది. దీని సౌలభ్యాలలో చాలా భాగం పేజీలలో కాక, సర్వరుపై ఉంచవలసిన ఫ్రంట్‌పేజ్ సర్వర్ ఎక్స్‌టెన్షన్స్ అనే ప్రత్యేక ప్రోగ్రాములలో ఉండేవి. ఆ ప్రోగ్రాములు తొలగినప్పుడు వాటిపై ఆధారపడిన సైట్లలోని ఫారములు, వెదికే పెట్టెలు, లెక్కింపు సంఖ్యలు పనిచేయడం మానివేశాయి. ఫ్రంట్‌పేజ్ చరిత్రలో ఈ రెండు విషయాలూ విడదీయరానివి.

నేపథ్యం

1995 ప్రాంతంలో ఒక చిన్న వ్యాపారి తన వ్యాపారానికి వెబ్ సైటు పెట్టుకోవాలంటే మూడు పనులు తెలిసి ఉండాలి, లేదా తెలిసినవారికి డబ్బు చెల్లించాలి. మొదటిది, నోట్‌పాడ్ వంటి ఎడిటరులో హెచ్‌టీఎంఎల్ ట్యాగులను చేతితో వ్రాయడం. రెండవది, తయారైన ఫైళ్ళను ఎఫ్‌టీపీ ద్వారా సర్వరుకు పంపి, ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో గుర్తుపెట్టుకోవడం. ఒక పేజీ పేరు మారిస్తే దానిని సూచించే లంకెలన్నిటినీ వెదికి సరిచేయవలసి వచ్చేది. మూడవది అన్నిటికంటే కష్టమైనది. వినియోగదారుడు పేజీలో తన పేరు, చిరునామా, కావలసిన సరుకు నింపి పంపితే అది వ్యాపారికి చేరాలి. అందుకు సర్వరుపై ఒక సీజీఐ ప్రోగ్రాము ఉండాలి. అటువంటివి ఎక్కువగా పెర్ల్ భాషలో ఉండేవి.

మాట్ రైట్ అనే అమెరికన్ విద్యార్థి 1995లో ఫార్మ్‌మెయిల్ అనే పెర్ల్ ప్రోగ్రామును ఉచితంగా అందించడంతో ఈ మూడవ పని కొంత తేలికైంది. అయినా దానిని సర్వరులో సరియైన చోట ఉంచి, అనుమతులు అమర్చి, పెర్ల్ ఉన్న దారిని మొదటి వరుసలో సరిచేయాలి. ఇది దుకాణం కట్టివేసి రాత్రి కంప్యూటరు ముందు కూర్చునే వ్యక్తికి సులువైన పని కాదు. పైగా దాని తొలి వెర్షన్లలోని లోపాల వలన ఇతరులు ఆ ప్రోగ్రాము ద్వారానే చెత్త ఈమెయిళ్ళను పంపించుకొనగలిగేవారు.

అదే కాలంలో పేజీలు తయారుచేసే ఎడిటర్లు కొన్ని వచ్చాయి. ఆస్ట్రేలియాకు చెందిన సాసేజ్ సాఫ్ట్‌వేర్ వారి హాట్‌డాగ్, అడోబీ వారి పేజ్‌మిల్, 1996లో వచ్చిన నెట్‌స్కేప్ నావిగేటర్ గోల్డ్ వాటిలో చెప్పుకోదగినవి. ఇవి ప్రధానంగా పేజీ తయారీకి పరిమితమైనవి. సర్వరు వైపు జరగవలసిన పనిని అవి వాడుకరికే వదలివేశాయి.

వెర్మీర్ టెక్నాలజీస్

వెర్మీర్ టెక్నాలజీస్ సంస్థను 1994 ఏప్రిల్‌లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో చార్లెస్ ఫెర్గూసన్, రాండీ ఫోర్గార్డ్ స్థాపించారు. ఫెర్గూసన్ ఎంఐటీలో రాజనీతిశాస్త్రంలో డాక్టరేటు పొంది కంప్యూటరు పరిశ్రమకు సలహాదారుగా పనిచేసినవాడు. ఫోర్గార్డ్ సాఫ్టువేరు ఇంజనీరు. సంస్థకు 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు యొహానెస్ వెర్మీర్ పేరు పెట్టారు. ఈ పేరు తరువాత ఎవరూ ఊహించని చోట నిలిచిపోయింది. సర్వరుపై ఫ్రంట్‌పేజ్ సృష్టించే రహస్య ఫోల్డర్లలో చాలావాటి పేర్లు వీ, టీ, ఐ అనే మూడు అక్షరాలతో మొదలవుతాయి. అవి వెర్మీర్ టెక్నాలజీస్ ఇన్‌కార్పొరేటెడ్ అనే పేరుకు పొడి అక్షరాలు.

1995 అక్టోబరులో ఫ్రంట్‌పేజ్ 1.0 వెలువడింది. దాని ధర 695 డాలర్లు. ఎడిటరునూ సర్వరు ప్రోగ్రామునూ ఒకే సంస్థ కలిపి అందించడం ఇందులోని కొత్తదనం. వాడుకరి తన కంప్యూటరులో ఒక ఫారము గీస్తే, దానిలో నింపిన సమాచారాన్ని అందుకొనే ప్రోగ్రాము సర్వరుపై ముందే సిద్ధంగా ఉంటుంది. పెర్ల్ అవసరం లేదు.

ఆ సంవత్సరం మే నెలలోనే మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ అంతర్జాలాన్ని సంస్థకు అతి ముఖ్యమైన విషయంగా పేర్కొంటూ తన అధికారులకు ఒక సుదీర్ఘ లేఖ వ్రాశాడు. డిసెంబరులో సంస్థ తన అంతర్జాల వ్యూహాన్ని బహిరంగంగా ప్రకటించింది. కాని వెబ్ పేజీల తయారీకి చెప్పుకోదగిన సాధనమేదీ దాని చేతిలో లేదు. వెర్మీరును కొనేందుకు నెట్‌స్కేప్ కూడా ఆసక్తి చూపింది. చివరికి 1996 జనవరిలో సుమారు 13 కోట్ల 30 లక్షల డాలర్ల విలువైన షేర్లకు అది మైక్రోసాఫ్ట్ వశమైంది. అప్పటికి సంస్థ వయస్సు రెండేళ్ళైనా లేదు. ఈ వ్యవహారమంతటినీ ఫెర్గూసన్ 1999లో ఒక పుస్తకంగా వ్రాశాడు. తరువాత అతడు డాక్యుమెంటరీ చిత్రాల నిర్మాణం వైపు మళ్ళాడు. 2008 ఆర్థిక సంక్షోభంపై తీసిన ఇన్‌సైడ్ జాబ్ చిత్రానికి 2011లో ఆస్కారు బహుమతి లభించింది.

ధర, వెర్షన్లు

మైక్రోసాఫ్ట్ చేసిన మొదటి మార్పు ధరలో. 1996లో వచ్చిన ఫ్రంట్‌పేజ్ 1.1ను 149 డాలర్లకు అమ్మింది. ఐదవ వంతుకు దగ్గరగా పడిపోయిన ఈ ధరతో ఫ్రంట్‌పేజ్ సంస్థల కొనుగోలు విభాగం నుండి దుకాణంలోని అలమరలోకి వచ్చింది. సర్వర్ ఎక్స్‌టెన్షన్లను హోస్టింగు సంస్థలకు ఉచితంగానే ఇచ్చింది. ఈ ఉచితం వెనుక ఉన్న ఉద్దేశం స్పష్టమే. ఎక్కువ సర్వర్లలో ఎక్స్‌టెన్షన్లు ఉంటే ఎడిటరు అంత ఎక్కువగా అమ్ముడుపోతుంది.

ఫ్రంట్‌పేజ్ 97, ఫ్రంట్‌పేజ్ 98 వెంటవెంటనే వచ్చాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో పాటు, విండోస్ 98తో పాటు ఫ్రంట్‌పేజ్ ఎక్స్‌ప్రెస్ అనే చిన్న ఎడిటరు ఉచితంగా లభించేది. చాలామంది విద్యార్థులకు ఫ్రంట్‌పేజ్ అంటే మొదట తెలిసింది ఇదే. మాకింతోషుకు కూడా ఒక వెర్షను వచ్చింది కాని దానిని కొనసాగించలేదు. ఫ్రంట్‌పేజ్ 2000 ఆఫీస్ 2000 ప్రీమియం కూర్పులో చేరింది. 2001లో ఫ్రంట్‌పేజ్ 2002, 2003లో ఫ్రంట్‌పేజ్ 2003 వచ్చాయి. చివరిది 199 డాలర్ల ధరతో విడిగానే లభించేది.

ఏ పేజీ ఏ వెర్షనుతో తయారైనదో దాని మూలాన్ని తెరిచి తెలుసుకొనవచ్చు. ఫ్రంట్‌పేజ్ తన పేరును, సంఖ్యను జెనరేటర్ అనే మెటా ట్యాగులో వ్రాసిపెడుతుంది. అక్కడ 4.0 అని ఉంటే ఫ్రంట్‌పేజ్ 2000, 5.0 అని ఉంటే 2002, 6.0 అని ఉంటే 2003 అని అర్థం. పాత సైట్ల భద్రప్రతులలో ఈ గుర్తు ఇప్పటికీ తరచుగా కనిపిస్తుంది.

పనిచేయు విధానం

తొలి వెర్షన్లలో ఫ్రంట్‌పేజ్ రెండు భాగాలుగా ఉండేది. ఎక్స్‌ప్లోరర్ అనే భాగం సైటులోని ఫైళ్ళను, వాటి మధ్య లంకెలను పటంగా చూపేది. ఎడిటర్ అనే భాగంలో పేజీలను దిద్దేవారు. ఫ్రంట్‌పేజ్ 2000లో ఈ రెండింటినీ ఒకటిగా కలిపారు. పేజీ పేరు మారిస్తే దానికి వచ్చే లంకెలన్నిటినీ ఫ్రంట్‌పేజే సరిచేసేది. పైన చెప్పిన రెండవ కష్టం దీనితో తీరింది.

పేజీలను సర్వరుకు పంపడానికి ఎఫ్‌టీపీ అక్కరలేదు. వెబ్ పేజీలు చూడడానికి వాడే హెచ్‌టీటీపీ మార్గంలోనే ఫైళ్ళు వెళ్ళేవి. సర్వర్ ఎక్స్‌టెన్షన్లలో ప్రధానంగా మూడు ప్రోగ్రాములు ఉండేవి. అనుమతుల వంటి పాలనా పనులకు అడ్మిన్, ఫైళ్ళను అందుకొని నిల్వచేయుటకు ఆథర్, పాఠకుడు పేజీని చూసే సమయంలో జరగవలసిన పనులకు షెహ్‌టీఎంఎల్ అనేవి అవి. విండోసు సర్వర్లకు మైక్రోసాఫ్టే వీటిని తయారుచేసింది. యూనిక్సు, లినక్సు సర్వర్లపై నడిచే అపాచీ వంటివాటికి రెడీ-టు-రన్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ వీటిని రూపొందించింది. చవకైన హోస్టింగులో అధిక భాగం అపాచీపైనే నడిచేది గనుక ఈ రెండవ రూపం చిన్న వ్యాపారాలకు ముఖ్యమైనది.

వెబ్‌బాట్లు

ఫ్రంట్‌పేజ్‌లో మెనూ నుండి ఎంచుకొని పేజీలో చేర్చగల సిద్ధ సౌకర్యాలను మొదట వెబ్‌బాట్లు అనేవారు. తరువాత వీటిని కాంపొనెంట్లు అన్నారు. పేజీ మూలంలో ఇవి వ్యాఖ్యల రూపంలో ఉండేవి గనుక మామూలు విహరిణులు వాటిని పట్టించుకొనేవి కావు.

వీటిలో రెండు రకాలున్నాయి. ఈ తేడా ఆనాడు చాలామంది వాడుకరులకు తెలియదు, తెలియవలసిన అవసరమూ కనిపించలేదు. మొదటి రకం పేజీని భద్రపరచే సమయంలోనే తన పని ముగించుకుంటుంది. ఒకే తలకట్టును అన్ని పేజీలలో చేర్చడం, చివరిగా మార్చిన తేదీని వ్రాయడం, విషయసూచికను తయారుచేయడం, అన్ని పేజీలకూ ఉమ్మడి అంచులను, నావిగేషను పట్టీలను కూర్చడం ఇటువంటివి. ఫలితం మామూలు హెచ్‌టీఎంఎల్‌గా పేజీలోనే వ్రాయబడుతుంది. అందువలన సర్వరుపై ఎక్స్‌టెన్షన్లు లేకపోయినా పేజీ కనిపిస్తుంది.

రెండవ రకం పాఠకుడు పేజీని తెరిచినప్పుడు, లేదా బటన్ నొక్కినప్పుడు సర్వరుపై పనిచేస్తుంది. ఫారములో నింపిన సమాచారాన్ని ఫైలులో చేర్చడం లేదా ఈమెయిలుగా పంపడం, సైటులో వెదకడం, చర్చావేదిక నడపడం, సందర్శకుల సంఖ్యను చూపడం ఈ కోవలోనివి. ఫారమును ఎక్కడికి పంపాలో తెలిపే చోట ఫ్రంట్‌పేజ్ నిజమైన చిరునామా వ్రాయదు. వెబ్‌బాట్-సెల్ఫ్ అనే ఒక గుర్తును మాత్రమే ఉంచుతుంది. సర్వర్ ఎక్స్‌టెన్షను ఆ గుర్తు స్థానంలో అసలు చిరునామాను చేరుస్తుంది. ఎక్స్‌టెన్షను లేకపోతే గుర్తు అలాగే మిగిలిపోతుంది. ఫారము తెరపై యథాప్రకారం కనిపిస్తుంది, అక్షరాలు నింపవచ్చు, బటనూ నొక్కవచ్చు. కాని సమాచారం ఎక్కడికీ చేరదు.

వ్యాపారాలలో వాడుక

ఫ్రంట్‌పేజ్‌లో ముందే తయారుగా ఉన్న నమూనా సైట్లు ఉండేవి. వ్యాపార సంస్థల కొరకు ఉద్దేశించిన విజార్డు కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబులను బట్టి మొదటి పేజీ, ఉత్పత్తుల పేజీలు, వినియోగదారుల అభిప్రాయాల ఫారము, సంప్రదించవలసిన చిరునామా వంటివి సిద్ధంచేసి ఇచ్చేది. ఫ్రంట్‌పేజ్ 98తో థీములు వచ్చాయి. ఒక థీము ఎంచుకుంటే సైటంతటికీ ఒకే రకమైన నేపథ్యం, బటన్లు, శీర్షిక పట్టీలు అమరుతాయి. దీనివలన కళానైపుణ్యం లేనివారి సైటు కూడా కొంత క్రమంగా కనిపించేది. ఒకే థీమును వేలాదిమంది ఎంచుకోవడంతో ఒక ఊరి పూలకొట్టు సైటూ, మరొక ఊరి పళ్ళ వైద్యుని సైటూ కవలపిల్లల వలె ఉండేవి. దీనిని గురించి రూపకర్తలు హేళన చేసినమాట నిజమే గాని, ఆ పూలకొట్టువారికి అంతకుముందు సైటే లేదన్నది కూడా నిజమే.

సరుకులు అమ్మి డబ్బు తీసుకొనే ఏర్పాటు మాత్రం ఫ్రంట్‌పేజ్‌లో సొంతంగా లేదు. జస్ట్‌యాడ్‌కామర్స్ వంటి అనుబంధ ప్రోగ్రాములను ఇతర సంస్థలు అమ్మేవి. పేపాల్ వచ్చిన తరువాత దాని బటన్ కోడును పేజీలో అతికించడం సాధారణమైంది. ఇవేవీ లేని వ్యాపారులు మామూలు ఫారములోనే ఆర్డర్లు తీసుకొనేవారు. ఆ ఫారములలో వచ్చిన వివరాలు వేరే మార్పు చేయకపోతే సైటులోని ప్రైవేట్ అనే ఫోల్డరులో ఒక టెక్స్టు ఫైలుగా చేరేవి. సైటును ఒక సర్వరు నుండి మరొక సర్వరుకు మార్చినప్పుడు ఆ ఫోల్డరుకు ఉన్న అనుమతులు పోతే, దాని చిరునామా తెలిసిన ఎవరైనా ఆ ఫైలును తెరిచి చదువుకొనగలరు. ఫైలు పేరును ఫ్రంట్‌పేజే నిర్ణయించేది గనుక అన్ని సైట్లలోనూ అది దాదాపు ఒక్కటే. కనుక చిరునామా ఊహించడం కష్టమేమీ కాదు. కొనుగోలుదారుల పేర్లు, ఫోను నంబర్లు ఈ విధంగా బయటపడే ప్రమాదం ఉండేది.

చిన్న వ్యాపారాల కొరకు మైక్రోసాఫ్ట్ 1999లో బీసెంట్రల్ అనే సేవను ప్రారంభించి, దానిలోని ప్రకటనలు, సందర్శకుల లెక్క వంటి సౌకర్యాలను ఫ్రంట్‌పేజ్ 2002 మెనూలలో చేర్చింది. తరువాతి కాలంలో బీసెంట్రల్ పేరుతో పాటు ఆ సేవలూ కనుమరుగయ్యాయి.

విమర్శలు

వెబ్ రూపకర్తలు, ప్రోగ్రామర్లు ఫ్రంట్‌పేజ్‌ను మొదటి నుండీ విమర్శించారు. తొలి వెర్షన్లు చేతితో వ్రాసిన హెచ్‌టీఎంఎల్‌ను తెరవగానే తమకు తోచినట్లు తిరిగి వ్రాసివేసేవి. వ్రాసినవాని కోడును ఉన్నదున్నట్లు ఉంచే ఏర్పాటు ఫ్రంట్‌పేజ్ 2000లో వచ్చింది. అక్షరాల రంగు, పరిమాణం, ఫాంటు తెలిపే ట్యాగులను ప్రతి వాక్యం చుట్టూ కుప్పగా చేర్చడం మరొక లోపం. కదిలే బొమ్మలు, పేజీ మారేటప్పటి విన్యాసాలు కొన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో మాత్రమే కనిపించేవి. సైటు యజమాని తన కంప్యూటరులో అదే విహరిణిలో చూసుకొని తృప్తిపడేవాడు. ఇతర విహరిణులలో చూచినవారికి అవి కనిపించేవి కావు. ఈ విషయాలలో 1997లో వచ్చిన మాక్రోమీడియా వారి డ్రీమ్‌వీవర్‌కు వృత్తి నిపుణులలో మంచి పేరు వచ్చింది. ఫ్రంట్‌పేజ్ 2003 కోడు విషయంలో చాలా మెరుగైనది. పేజీని, కోడును ఒకే తెరపై పైనా క్రిందా చూపే సౌకర్యం, డ్రీమ్‌వీవర్ మూసలతో పొత్తు కుదిరే మూసలు అందులో ఉన్నాయి. అప్పటికే స్థిరపడిన చెడ్డపేరు మాత్రం పోలేదు.

ఎక్స్‌టెన్షన్లు ఉన్న సైటులోకి ఎఫ్‌టీపీ ద్వారా ఫైళ్ళను పంపితే ఫ్రంట్‌పేజ్ దాచుకొన్న వివరాలకు, అసలు ఫైళ్ళకు పొంతన తప్పేది. అప్పుడు ఎక్స్‌టెన్షన్లను మళ్ళీ అమర్చవలసి వచ్చేది. హోస్టింగు సంస్థల సహాయ విభాగాలకు ఇది నిత్యం ఎదురైన ఫిర్యాదు.

భద్రత విషయంలోనూ ఎక్స్‌టెన్షన్లకు మంచి పేరు లేదు. యూనిక్సు సర్వర్లపై సరిగా అమర్చని చోట్ల సంకేతపదాల ఫైలును బయటివారు చదవగలిగేవారు. 2000 ఏప్రిల్‌లో ఎక్స్‌టెన్షన్లతో వచ్చే ఒక ఫైలులో నెట్‌స్కేప్ ఇంజనీర్లను చులకన చేసే ఒక వాక్యం తలక్రిందులుగా వ్రాసి ఉన్నట్లు బయటపడింది. అది దొడ్డిదారి తెరిచే సంకేతపదమని మొదట పత్రికలు వ్రాశాయి. తరువాత పరిశీలనలో అది అలాంటి సంకేతపదం కాదని తేలింది. అయితే అదే ఫైలులో వేరొక నిజమైన లోపం ఉన్నదని ఆ వెంటనే కనుగొన్నారు. 2003 నవంబరులో మరొక తీవ్రమైన లోపానికి మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేయవలసి వచ్చింది.

2001లో ఫ్రంట్‌పేజ్ 2002 లైసెన్సులోని ఒక షరతు వివాదాస్పదమైంది. మైక్రోసాఫ్ట్‌ను, ఎంఎస్‌ఎన్, ఎక్స్‌పీడియా వంటి దాని సంస్థలను కించపరచే సైట్లలో ఈ సాఫ్టువేరును వాడరాదని అందులో ఉన్నది. ఎంఎస్‌ఎన్ తదితర సేవల నుండి సమాచారం తెచ్చే కాంపొనెంట్లకు ఉద్దేశించిన షరతు ఇది. అయినా, డబ్బు పెట్టి కొన్న సాధనంతో ఏమి వ్రాయవచ్చునో అమ్మినవారు నిర్ణయించడం ఏమిటని పలువురు ప్రశ్నించారు.

తెలుగు పేజీలు

ఫ్రంట్‌పేజ్ ప్రాచుర్యంలో ఉన్న తొలి సంవత్సరాలలో కంప్యూటర్లలో తెలుగు యూనికోడ్ వాడుక లేదు. తెలుగు పేజీలు తయారుచేసేవారు ఏదో ఒక తెలుగు ఫాంటును కంప్యూటరులో పెట్టుకొని, పదాలను టైపు చేసి, ఆ ఫాంటును ఎంచుకొనేవారు. ఫైలులో నిజానికి ఉండేవి ఆంగ్ల అక్షరాల సంకేతాలే. వాటి చుట్టూ ఫాంటు పేరు గల ట్యాగు ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపించేవి. పేజీతో పాటు ఫాంటును కూడా పంపే డైనమిక్ ఫాంటు పద్ధతి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో వచ్చిన తరువాత తెలుగు పత్రికల సైట్లు దానిని వాడుకొన్నాయి.

2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు రావడంతో యూనికోడ్ తెలుగుకు దారి ఏర్పడింది. కాని పాత పేజీలలోని తెలుగును వెదుకు యంత్రాలు గుర్తించలేవు. ఫైర్‌ఫాక్స్ విహరిణికి అనుబంధంగా వచ్చిన పద్మ అనే ఉపకరణం ఇటువంటి పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. అయితే ఏ ఫాంటు పట్టిక తెలియదో ఆ పేజీలు అక్షరాలుండీ చదవలేని స్థితిలోనే మిగిలాయి.

నిలిపివేత

2006లో మైక్రోసాఫ్ట్ ఫ్రంట్‌పేజ్‌ను రెండు ఉత్పత్తులుగా చీల్చింది. వెబ్ రూపకర్తలకు ఎక్స్‌ప్రెషన్ వెబ్, షేర్‌పాయింట్ వాడే సంస్థలకు షేర్‌పాయింట్ డిజైనర్ ఇచ్చింది. మొదటిది ప్రమాణాలను అనుసరించే మంచి ఎడిటరు. అయితే స్టైల్ షీట్ల గురించి తెలిసినవారి కొరకు ఉద్దేశించినది. రెండవది పెద్ద కార్యాలయాలకు సంబంధించినది. పూలకొట్టువారికి ఈ రెండింటిలో ఏదీ సరిపోలేదు. 2009లో షేర్‌పాయింట్ డిజైనర్‌ను, 2012 డిసెంబరులో ఎక్స్‌ప్రెషన్ వెబ్‌ను ఉచితం చేశారు. ఎక్స్‌ప్రెషన్ వెబ్‌కు ఆపై కొత్త వెర్షను రాలేదు.

యూనిక్సు సర్వర్లకు ఎక్స్‌టెన్షన్లను అందించడం కూడా 2006లో ఆగిపోయింది. హోస్టింగు సంస్థలు కొత్త సర్వర్లకు మారినప్పుడల్లా వాటిని వదలివేస్తూ వచ్చాయి. దీని ప్రభావం ఒక్కసారిగా కనిపించలేదు. పైన చెప్పిన మొదటి రకం వెబ్‌బాట్ల ఫలితాలు పేజీలలోనే ఉన్నందున సైట్లు ఎప్పటివలెనే తెరుచుకొనేవి. సందర్శకుల సంఖ్య ఉన్నచోట విరిగిన బొమ్మ గుర్తు కనిపించేది. ఆర్డరు ఫారములు మాత్రం పనిచేయవు. ఫారము నింపిన వినియోగదారునికి దోషసూచన ఎదురవుతుంది. వ్యాపారికి ఏమీ రాదు. ఉత్తరం రాకపోవడం, ఉత్తరం పోవడం ఒకేలా కనిపిస్తాయి గనుక, సైటు యజమాని తనంతట ఒకసారి ఫారము నింపి చూసుకొంటే తప్ప ఈ లోపం బయటపడదు.

పాత ఫ్రంట్‌పేజ్ సైటును కాపాడుకొనవలసివస్తే ముందుగా సర్వరుపై ఉన్న ఫైళ్ళన్నిటి నకలు తీసుకోవాలి. వీటీఐ అక్షరాలతో మొదలయ్యే ఫోల్డర్లు పేజీలు కనిపించడానికి అవసరం లేదు. ప్రైవేట్ ఫోల్డరులోని ఫైళ్ళను మాత్రం చూసి, అందులో కొనుగోలుదారుల వివరాలుంటే సొంత కంప్యూటరుకు తెచ్చుకొని సర్వరు నుండి తొలగించడం మంచిది. ఆ తరువాత పేజీల మూలాలలో వెబ్‌బాట్-సెల్ఫ్ అనే గుర్తును వెదికితే ఏ ఫారములు పాడయ్యాయో తెలుస్తుంది. ఆ చోట పీహెచ్‌పీలో వ్రాసిన చిన్న ప్రోగ్రాము చిరునామాను గాని, ఫారములను స్వీకరించే వేరే సేవ చిరునామాను గాని ఉంచాలి. ఉమ్మడి అంచులను, థీములను కదపకుండా వదిలివేయవచ్చు. అయితే ఫోను నంబరు మారితే ప్రతి పేజీలోనూ దిద్దవలసి ఉంటుంది.

తరువాతి సాధనాలు

ఫ్రంట్‌పేజ్ వదిలిన ఖాళీలోకి రెండు విధాలైన సాధనాలు వచ్చాయి. 2003 మేలో ప్రారంభమైన వర్డ్‌ప్రెస్ వంటివి మొదటి విధం. ఇది ఉచితం, మూలం అందరికీ లభ్యం. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ఉన్న ఏ హోస్టింగులోనైనా నడుస్తుంది. ఒకచోట నుండి మరొకచోటికి విషయమంతా తరలించుకొనవచ్చు. బదులుగా యజమాని దానిని ఎప్పటికప్పుడు తాజా వెర్షనుకు మార్చుకుంటూ ఉండాలి. లేకపోతే చొరబాటుదారులకు లోకువవుతుంది. 2006లో ప్రారంభమైన విక్స్, వీబ్లీ వంటివి రెండవ విధం. వీటిలో ఎడిటరు, సర్వరు రెండూ ఆ సంస్థవే. నిర్వహణ భారం ఉండదు. కాని విక్స్‌లో తయారుచేసిన సైటును యథాతథంగా ఫైళ్ళుగా తీసుకొని వేరే హోస్టింగులో పెట్టుకొనడం సాధ్యం కాదు.

మైక్రోసాఫ్ట్ కూడా 2006లో ఆఫీస్ లైవ్ పేరుతో చిన్న వ్యాపారాలకు ఇటువంటి సేవనే ప్రారంభించింది. పేజీల తయారీ సాధనం, హోస్టింగు ఉచితంగా ఇచ్చింది. 2012లో దానిని మూసివేసింది. అక్కడ సైట్లు పెట్టుకొన్నవారు మరొకమారు తరలిపోవలసి వచ్చింది. సొంత కంప్యూటరులో పేజీలు తయారుచేసుకోగోరువారికి 2005లో ఎన్‌వ్యూ, దాని నుండి పుట్టిన కొంపోజర్ అనే ఉచిత ఎడిటర్లు వచ్చాయి. వీటికి ప్రత్యేక సర్వరు ప్రోగ్రాములతో పని లేదు. అందుచేత ఫారముల సమస్యను ఇవి తిరిగి వాడుకరికే అప్పగించాయి.

ఫ్రంట్‌పేజ్ కోడులో కొంత భాగం మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింటులోకి చేరింది. షేర్‌పాయింట్ సైట్ల వెబ్ సేవల చిరునామాలలో వీటీఐ అనే మూడు అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి.